కడపటి పన్ను

చొక్కన్ తిరుమంగళం సంతకు పోయాడట, పొద్దు వాలేలోగా వస్తాడట, రాగానే పన్ను పీకేస్తాడట. వాకిట్లో ఎవరో ఎవరితోనో అంటున్న ఈ మాటలు పత్తి గదిలో పడుకున్న వళ్లి చెవిలో పడి, అక్కణ్ణించి కుడి దవడలోకి దిగి, ఒకదాని తరవాత ఒకటి కొట్టుకోసాగాయి. పోయాడట, వస్తాడట, పీకేస్తాడట. దవడకు వేరే గుండె మొలిచినట్టుంది. రొమ్ములో ఉన్న గుండె ఒక దెబ్బ వేస్తే ఇది రెండు వేస్తోంది. చెంప కంటి కిందిదాకా ఉబ్బి, కుడి కన్ను సగానికి పూడిపోయింది. ఆ సగం కన్నులోంచి చూస్తే గది నిండా పోసిన పత్తి ఎక్కడ ఆగుతుందో గోడ ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. పెంకుల సందులోంచి పడుతున్న ఎండ చారలో పింజెలు తేలుతున్నాయి, కిందికి రావు, పైకీ పోవు. కుంపిణీ వాళ్ళ బండ్లు వచ్చేదాకా పత్తి ఇక్కడే పడి ఉంటుంది, చొక్కన్ వచ్చేదాకా తనూ ఇక్కడే పడి ఉంటుంది. పొద్దున పాపమ్మాళ్ అక్క గసగసాల కాయ తొక్కలు కాచిన నీళ్ళు ఉగ్గుగిన్నెతో పోసింది. పళ్ళ మధ్య చిటికెన వేలు కూడా దూరడం లేదు గనక, పాలు కక్కే పసిబిడ్డకు పోసినట్టు చెంప పక్కనుంచి కొంచెం కొంచెంగా పోయాల్సి వచ్చింది. ఆ నీళ్ళు దిగినప్పటినుంచి నొప్పి తగ్గలేదు గాని, నొప్పికీ తనకీ మధ్య ఎవరో దుప్పటి అడ్డం కట్టినట్టయింది. అవతల దాని పని అది చేసుకుంటోంది. ఇవతల వళ్లి తేలుతోంది.

పీకేస్తే నోరు తెరుచుకుంటుంది. నోరు తెరుచుకుంటే ఆ మాట చెప్పాలి. ఆ మాట చెప్పించుకోవడానికే బావగారు నారాయణసామి, ఆయన భార్య పాపమ్మాళ్, చిన్నమనూరునుంచి బండి కట్టుకుని వచ్చి కూర్చున్నారు. వాళ్ళకు పిల్లలు లేరు. వళ్లికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మేకల వెంట పోయే వయసువాడు, చిన్నవాడు కోదండం ఇంకా మాటలు సగం మింగేవాడు. ఆ చిన్నవాణ్ణి పెద్దింటికి దత్తు ఇవ్వాలని అన్నదమ్ములు పోయిన పంటకాలంలోనే అనుకున్నారు. అనుకుని వచ్చాక వళ్లి మొగుడు దొరసామి ఆ సంగతి పెళ్ళానికి చెప్పాడు, అడగలేదు. వళ్లి పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. కాని ఈ తెలుగు ఇళ్ళల్లో ఒక కట్టుబాటు ఉంది, ఎప్పుడో తాతల తాతలు ఉత్తరాదినుంచి ఈ నల్లరేగడికి దిగినప్పుడు మూటల్లో పెట్టుకుని తెచ్చుకున్నది. బిడ్డను ఇచ్చేటప్పుడు తండ్రి నీళ్ళు వదిలితే చాలదు. కన్నతల్లి నోరు కడుక్కుని, నలుగురి ముందు నిలబడి, నోరారా మూడుసార్లు చెప్పాలి, నా కడుపున పుట్టినవాణ్ణి నీ కడుపున వేశాను అని. ఒకరు అందించకూడదు. తల ఊపితే చెల్లదు. అరవంలో చెప్పినా చెల్లదు. సంతలో బేరానికీ, గుళ్ళో మొక్కుకీ, పక్కింటితో పోట్లాటకీ అరవమే వాడుకునే మనుషులు, బిడ్డను ఇచ్చే ఆ ఒక్క మాటా తెలుగులోనే రావాలంటారు. మగవాళ్ళు పెట్టుకున్న ఏర్పాటే ఇదీ. వాళ్ళ ఏర్పాట్లన్నిటిలో ఆడదాని నోటికి పని పెట్టింది ఇదొక్కటే, అదీ ఎలాగూ చెప్పేస్తుందిలే అన్న ధీమాతో.

ముహూర్తం రేపనగా చెంప వాచింది. వళ్లి ముసుగు కప్పుకుని పొయ్యి ముందు కూర్చుంటే పక్కింటి జానకమ్మాళ్, నిప్పు కోసం వచ్చినది, ముసుగు లాగి, గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి, "పొన్నుక్కు వీంగి గదే ఇది" అని తేల్చేసింది. గవదబిళ్ళలకు ఇక్కడి అరవవాళ్ళు పెట్టుకున్న పేరు అది. బంగారం కోసం వాచిన వాపట. మందు కూడా ఆ పేరులోనే ఉంది, వాచిన మెడలో బంగారం వేస్తే ఆశ తీరి, వాపు దానంతటదే దిగిపోతుంది. వళ్లి మెడలో పసుపుతాడు తప్ప మెరిసేది ఏదీ లేదు. వాన మొహం చాటేసిన ఏడు ఉన్నదంతా బావి తవ్వకంలోకి పోయింది. జానకమ్మాళ్ ఆ సంగతి తెలిసినదే గనక ఇల్లంతా కలియజూసి ఊరుకుంది. అప్పుడు పాపమ్మాళ్, గుమ్మంలో నిలబడి చూస్తున్నది, దగ్గరికి వచ్చి వంగి, వళ్లి ముఖంలో ముఖం పెట్టి కాసేపు చూసి, తన మెడలో గొలుసు తీసి ఈమె మెడలో వేసింది. "ఉండనీ మే. నీ మెడ అడిగింది, నా మెడ ఇచ్చింది" అంది. ఆ గొలుసు ఇంకా పాపమ్మాళ్ ఒంటి వేడితో ఉంది. జానకమ్మాళ్ పత్యాలు ఏకరువు పెట్టింది, నోరు కదిలించరాదు, వాపు దిగేదాకా ఇంట్లో శుభం తలపెట్టరాదు, మగబిడ్డల్ని ఆ గాలి సోకనియ్యరాదు. "మింగితే చెవి కింద లాగతా ఉండాదా?" అని అడిగింది. వళ్లి తల ఊపింది. ఆ ఊపు చెల్లింది.

అది పన్ను అని వళ్లి నాలుకకు ముందునుంచీ తెలుసు. దవడ కొసన, పళ్ళన్నీ వచ్చేశాయి ఇంక ఎవరూ రారు అనుకున్నచోట, చిగురు పొర కిందనుంచి ఒక మూల పైకి పొడుచుకు వచ్చింది. నిటారుగా రాక, పక్క పన్ను మీద భుజం వేసి తోస్తూ వచ్చింది, సంతలో వెనకనుంచి తోసేవాడిలాగా. పొర కింద చీము చేరి, నాలుక తాకితే తుప్పు పట్టిన మేకు రుచి. ఇది చెబితే చొక్కన్ ఆ రోజే వచ్చి కోసేసేవాడు, మర్నాడో మూడోనాడో నోరు విప్పాల్సి వచ్చేది. గవదబిళ్ళలైతే దిగేదాకా దిగాలి. ఎవరూ తొందరపెట్టరు, బావగారు కూడా. అందుకని పాపమ్మాళ్ ఇచ్చిన వేడి ఉప్పునీళ్ళు వళ్లి పుక్కిలించినట్టు బుగ్గలాడించి ఊసేసేది. కొంచెం తెరిపి ఇచ్చినట్టు అనిపించిన రోజు, ఎవరూ చూడకుండా బెల్లం పలుకు ఒకటి ఆ పక్కకే తోసి కరగనిచ్చింది. తియ్యదనం చిగురులోకి దిగి అక్కడ నిప్పయింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే పత్తి మీద ముఖం పెట్టి, ఉండు, పోవద్దు, ఇంకొన్నాళ్ళు ఉండు అని పన్నుతో చెప్పుకుంది. కడుపులో బిడ్డను బతిమాలుకున్నట్టే బతిమాలుకుంది. కోదండం కడుపులో ఉండగా కూడా ఇలాగే, పుబ్బ కార్తె ఉక్కలో, నెలలు నిండకుండానే నొప్పులు వస్తే, మంచం పట్టె పట్టుకుని, ఉండరా, పోవద్దు అంది. వాడు విన్నాడు. విని, నెలలు నిండాకే వచ్చాడు. ఈ పన్ను కూడా వింటోంది.

విన్నది గాని, దానికి వేరే కూలి అడిగింది. మగబిడ్డలకు గాలి సోకరాదు గనక తనను పత్తి గదిలోకి మార్చారు. కోదండం గడప దాటరాదన్నారు. మొదట్లో వాడు గడప అవతలే కూర్చునేవాడు, చింతగింజలు తెచ్చి గడప మీద వరసగా పేర్చి, ఒక్కొక్కటి లోపలికి దొర్లించేవాడు. వళ్లి అవి ఏరి తిరిగి దొర్లించేది. మాట లేదు, నవ్వడానికి దవడ రాదు. గింజ పోయేది, గింజ వచ్చేది. తరవాత వాడు వచ్చి పోతూ ఉండేవాడు. నిన్న రాలేదు. ఇవ్వాళ పొద్దున గుమ్మం ముందునుంచి పోయాడు, పాపమ్మాళ్ కొంగు పట్టుకుని, ఏదో అడుగుతూ, ఇటు తిరగనైనా తిరగకుండా. పెద్దమ్మా పెద్దమ్మా అంటున్నాడు. నెత్తిన నూనె పెట్టి పాయ తీసి దువ్వి ఉంది. ఆ దువ్వడం వళ్లి దువ్వే దువ్వడం కాదు, పాయ ఎడమవైపుకు తీసింది. ఎంత చక్కగా ఉన్నాడు వాడు ఆ ఎడమ పాయతో. దవడ ఒక పెద్ద దెబ్బ కొట్టి, ఎండ చార వంకర తిరిగి, పింజెలన్నీ ఒక్కసారి కదిలి మళ్ళీ నిలబడ్డాయి.

అవ్వ వచ్చి పత్తి మీద కూర్చుంది. అవ్వ పోయి ఎన్నాళ్ళో అయింది గాని, వచ్చి కూర్చుంది, కాళ్ళు చాపుకుని, చిన్న రోట్లో ఆకూ వక్కా దంచుకుంటూ. అవ్వకు పళ్ళు లేవు. ఒక్కటీ లేదు. ఆ బోసినోటితోనే వళ్లికి మాటలన్నీ నేర్పింది, ఇంట్లో నేర్చినవి ఇంట్లోనే దాచుకొమ్మని. వీధిలోకి పోతే అరవం, గడప లోపలికి వస్తే మనది. మనవాళ్ళు వచ్చేటప్పుడు ఏం తెచ్చుకున్నారవ్వా అని అడిగితే, ఆవుల్ని తోలుకొచ్చిరి, కుండలు మోసుకొచ్చిరి, ఏరు దాటేటప్పుడు కుండలు పగిలిపోయె, ఆవుల్ని దోచుకొనిరి, కడాకి నోట్లో ఉండేది మిగిలె అనేది. నోట్లో ఏముండిందవ్వా? అవ్వ నవ్వేది, ఎర్రగా. పిల్లి కూనను ఎట్ల తెస్తది చూడలా నువ్వు? అంటూ దంచేది. గాదె వెనక ఈనిన పిల్లి, కూన మెడ తోలు నోట కరుచుకుని, అటకమీదికి, అటకమీదినుంచి గడ్డివాముకు, గడ్డివామునుంచి ఎక్కడికో. ఆ పళ్ళకు ఎలుక ఎముకలు పటపటమని విరుగుతాయి, కూన మెడ మీద మాత్రం గాటు పడదు. ఇప్పుడు వళ్లి నోట్లో ఏదో బరువుగా ఊగుతోంది. నూనె రాసిన వెంట్రుకల వాసన. తను నాలుగు కాళ్ళ మీద నల్లరేగడి బీటల మీదుగా పోతోంది, నోట కోదండం మెడ కరుచుకుని, వాడు కాళ్ళు ముడుచుకుని ఊగుతున్నాడు, ఏడవడం లేదు. దవడ పట్టేసింది, పగిలిపోయేలా పట్టేసింది. దారి పొడుగునా జనం నిలబడి పలకరిస్తున్నారు, ఏం వళ్లీ, బాగుండావా, ఎటు పోతా ఉండావు, ఒక మాటైనా చెప్పి పోరాదా. జానకమ్మాళ్ అడుగుతోంది, బావగారు అడుగుతున్నాడు, దొరసామి చేతులు కట్టుకుని నిలబడి అడుగుతున్నాడు. బదులు చెబితే నోరు తెరవాలి. తెరిస్తే వాడు పడిపోతాడు. అందరికీ తల ఊపుకుంటూ పోతోంది. ఊపితే వాడికి నొస్తుందేమో. వాడు ఏడవడం లేదు, అదే భయం.

"చొక్కన్‌కి బండి పంపిస్తిని" అన్నాడు దొరసామి.

నిజంగానే వచ్చి గడప అవతల గొంతుక్కూర్చున్నాడు. తలగుడ్డ విప్పి మోకాలి మీద వేసుకుని, గడప మీద రాలిన పత్తి పింజె ఒకటి తీసి వేళ్ళ మధ్య పురి తిప్పుతున్నాడు. ఆయన అంతే, ముఖ్యమైన మాట ఉంటే చేతికి ఏదో ఒక పని కావాలి. "ఎడమపక్క ఎద్దు కుంటతా ఉండాది. కుడిదాన్నే కట్టినా" అన్నాడు. పింజెకు ఇంకో పురి వేసి, "దూది రేటు తగ్గిస్తారంట కుంపిణీవాళ్ళు, సంతలో అనుకొంటా ఉండారు" అన్నాడు. వళ్లి కళ్ళు మూసుకుంది. ఈయన మంచివాడు. ఈయనకు బావిలో నీళ్ళు పడలేదు, అంతే. తాళ్ళు తెగేదాకా తవ్వించాడు, ఒడ్డెవాళ్ళు రోజంతా గునపాలు వేస్తే రోజంతా రాయి. ఆ గునపమే ఇప్పుడు దవడలో పడుతోంది, ఠంగు, ఠంగు, ఎన్నాళ్ళు కొట్టినా చెమ్మ లేదు. చిన్నమనూరులో ఏరు ఇంటి వెనకనే పారుతుందట. అక్కడ కయ్యల్లో ఎప్పుడూ పచ్చగా నీళ్ళు నిలబడి ఉంటాయట, కాళ్ళు కడుక్కోవడానికి చెంబు అక్కర్లేదట. ఈ దత్తు కుదిరిన రోజు దొరసామి అన్నాడు, "ఆడ వాడికి మూడు పూటలా వరి అన్నం వళ్లీ. ఈడ నేనేం పెడతా, కంబు సంగటి, అదీ దేవుడు పెడితే." అది అబద్ధం కాదు. వరి అన్నం తెల్లగా కళ్ళముందు పోగు పడుతోంది, పత్తిలాగా గది నిండా. కోదండం అందులో మోకాళ్ళదాకా దిగి నవ్వుతున్నాడు. ఎడమ పాయ. తడి కాళ్ళు. తల్లి అయినది బిడ్డ అన్నానికి అడ్డంపడి పడుకోవచ్చునా, చీము పట్టిన పన్ను ఒకటి సాకు చేసుకుని? ఎందుకు చెప్పకూడదు, చెప్పేస్తే ఏం పోయింది, అక్క ఏమైనా పరాయిదా. మూడుసార్లు. నా కడుపున పుట్టినవాణ్ణి. కడుపు అన్నం కన్నా పెద్దదా. దొరసామి ఇంకా కూర్చునే ఉన్నాడు. పురి తిప్పిన పింజె చేతిలో నూలుపోగై సాగింది. దాన్ని చూసుకుని, ఏం చెయ్యాలో తెలియక, చెవి మీద పెట్టుకుని లేచిపోయాడు.

ఎండ చార నేలనుంచి గోడ ఎక్కింది. జ్వరం చల్లగా మొదలై కాళ్ళనుంచి పైకి వస్తోంది, ఏరు పారినట్టు. పాపమ్మాళ్ కొంగుకు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, వేడి చేసిన ఉప్పు మూట చెంపకు ఆనించి, వళ్లి తల ఎత్తి తన తొడ మీద పెట్టుకుంది. పాపమ్మాళ్ ఎముకల మనిషి. ఆ తొడ గట్టిగా, ఎత్తుగా, పడుకోవడానికి వీలు లేకుండా ఉంది. ఈ వారంగా కోదండం పడుకుంటున్నది ఇక్కడే.

"నీకి మాట్లాడేదానికి కాదు. అందుకే ఇప్పుడే చెప్తా" అంది పాపమ్మాళ్. గొంతు మామూలుగానే ఉంది, పిడకల లెక్క చెబుతున్నట్టు. "నువ్వు మాట్లాడేటప్పుడైతే నాకి ధైర్యం రాదు. అది పన్ను అని మొదటి దినమే తెలుసు నాకి."

వళ్లి కదలబోయింది. ఉప్పు మూట చెంపను కదలనివ్వలేదు.

"జానకమ్మాళ్ వాపు చూసె. నేను వంగి నీ ఊపిరి వాసన చూస్తిని. మా నాయనకి ఇట్లే దవడ కొసన వచ్చి ఉండె, ఆ వాసన మరిచేది కాదు మే. అయినా గొలుసు తీసి నీ మెడలో వేస్తిని. ఎందుకు వేస్తిని అడుగు. అడగలేవు, పావం. గాలి సోకరాదంటే వాడు నాకాడ పండుకొంటాడు గదా. ఈడనే అలవాటు పడితే, ఆడికి వచ్చినాక ఏడవడు గదా అనుకొంటిని. నువ్వు బెల్లం పెట్టుకొంటా ఉండేదీ చూస్తిని. సరి, దానికీ ఇదే కావాల, నాకీ ఇదే కావాల, కానీలే అనుకొంటిని. ఇద్దరమూ ఒక పన్నునే పట్టుకొని ఏలాడతిమి." మూట చల్లారిందని తిప్పి పెట్టింది. "నువ్వు చచ్చిపోతావేమో అని కూడా అనుకొంటిని ఒకసారి. అనుకోలేదని చెప్పను."

పింజెలు తేలుతున్నాయి. అక్క ముఖం పైనుంచి తలకిందులుగా కనిపిస్తోంది, కళ్ళ పైన ముక్కు, ముక్కు పైన నోరు. తలకిందులైన నోరు కదులుతోంది. వళ్లికి కోపం వస్తోందో లేదో తెలియడం లేదు. కోపం దుప్పటికి అవతలే ఉండిపోయింది నొప్పితోపాటు. ఇద్దరు దొంగలు ఒకే కన్నంలో దూరి చీకట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టుంది. నవ్వు రావాలి గాని దవడ రాదు.

"తెల్లారగట్ట వాడు నిద్దట్లో చెయ్యి చాపి నా మొగం తడిమె" అంది పాపమ్మాళ్. ఇప్పుడు గొంతు పిడకల మీద లేదు. "ముక్కు తడిమె. చెవి తడిమె, చెవి తమ్మె పట్టుకొని చూసె. నువ్వు కాదని తెలిసిపోయె వాడికి. ఏడుస్తాడు, సముదాయించాల అని నేను లేచి కూర్చొంటిని. ఏడవలా వళ్లీ. చెయ్యి ఎనక్కి తీసుకొని, అటు తిరిగి పండుకొనె. ముసిలోళ్ళు పండుకొంటారే, ఇంక ఎవరికి చెప్పి ఏం అని, అట్ల. మూడేండ్ల బిడ్డ. ఏడవని బిడ్డను నేనేం చేసేది. అప్పుడే లేచి చొక్కన్‌కి మనిషిని పంపిస్తిని. నీ నోరు తెరిపిస్తే నువ్వేం చెప్తావో నాకి తెలుసు. తెరిపించకపోతే నువ్వు మిగలవు. రెండూ తెలిసే పంపించినా." మూట తీసి పక్కన పెట్టి, "గొలుసు మాత్రం ఇచ్చేయాల. అది మా అమ్మ పెట్టింది" అంది.

వళ్లికి వరి అన్నం కనిపించలేదు ఇంక. చీకట్లో ఒక చిన్న చెయ్యి కనిపించింది, తడుముకుంటూ, ముక్కునుంచి చెవికి, చెవి తమ్మెకు. తన చెవి తమ్మె చీలి ఉంటుంది. పెళ్ళినాటి కమ్మ బరువుకు చీలిపోయి రెండు పాయలైంది, వాడు పాలు తాగేటప్పటినుంచీ ఆ చీలికలో వేలు పెట్టి నిద్రపోతాడు. పాపమ్మాళ్ తమ్మె నున్నగా ఉంటుంది. వెతికి ఉంటాడు. వెతికి, దొరక్క, ఎవరినీ అడక్కుండా పడుకున్నాడు. నోరు తెరవకుండా ఉండడం ఎక్కడ నేర్చుకున్నాడు వాడు? వారంగా గడప మీదనుంచి ఎవరిని చూస్తూ కూర్చున్నాడు?

ఎద్దు మువ్వలు వాకిట్లోకి వచ్చి ఆగాయి. చొక్కన్ నువ్వులనూనె వాసనతో, సంత దుమ్ముతో లోపలికి వచ్చి, ఎత్తుపొట్ట ముందు పెట్టుకుని చతికిలబడి, పొది విప్పాడు. ఊళ్ళో గడ్డాలు గీసేదీ, గడ్డలు కోసేదీ, పళ్ళు పీకేదీ అతనే. ముఖం గుమ్మం వెలుగుకు తిప్పించి, చెంప ఒక వేలితో నొక్కి, నాలుక చప్పరించాడు.

"ఈ పన్ను వస్తే తెలివి వస్తది అంటారు తాయీ. వచ్చినవాళ్ళను నేను ఇంతవరకు చూడలా. ఉండే తెలివి పోయినవాళ్ళనే చూసినా." పాపమ్మాళ్ వైపు తిరిగి, "ఇన్ని దినాలు ఎందుకు ఉంచినారు, ఇంట్లో ఇంతమంది ఉండారే?" అన్నాడు. ఆడవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

వేప చెక్క ముక్క ఒకటి ముందు పళ్ళ మధ్య దూర్చి, దాన్ని మెల్లగా నిలువుగా తిప్పుతూ పోయాడు. దవడ కిర్రుమంది, తలుపు కీలు కదిలినట్టు. పాపమ్మాళ్ రెండు చేతులతో తల పట్టుకుంది. చిన్న కత్తి కొన పొర మీద పడగానే లోపల కట్టిన కట్ట తెగి, నోరంతా వేడి నీళ్ళు, చేదు, ఉప్పు, తుప్పు. పడింది పడింది బావిలో నీళ్ళు పడ్డాయి అని ఎవరో అరుస్తున్నారు, ఒడ్డెవాళ్ళు తాళ్ళు పట్టుకుని పైకి ఎగబాకుతున్నారు. ఊయి తాయీ, ఊసెయ్యి. తరవాత పట్టుకారు. దూది ఏరడం అయిపోయాక చేలో కట్టె పీకుతారు. ఎండిన మోడును మొదటికంటా పట్టుకుని, ముందు అటు విరిచి, ఇటు విరిచి, ఒక తిప్పు తిప్పి లాగితే, వేరు తెగిన చప్పుడు చెవిలో కాక అరికాళ్ళలో వినిపిస్తుంది. వళ్లికి అరికాళ్ళలో వినిపించింది. ఎన్ని చేలల్లో ఎన్ని మోళ్ళు పీకింది తను, ఏ మోడైనా ఇలా నేలనంతటినీ పట్టుకుని వేలాడిందా? కోదండం పుట్టినప్పుడు కూడా చివర్న ఇంతే, ఇంక చాలు పోనీ అని ఒళ్ళంతా వదిలేసిన మరుక్షణం చుట్టూ ఖాళీ, చల్లగా. ఆ ఖాళీలోంచి ఏడుపు వినిపించింది అప్పుడు. ఇప్పుడు పట్టుకారు మధ్య నెత్తుటి ముద్ద ఒకటి ఎండ చారలో ఎర్రగా మెరిసింది. చొక్కన్ దాన్ని తిప్పి చూసి, "రెండు వేర్లూ వచ్చేసె. పడుకొని పుట్టిన పన్ను" అని, పత్తి కుప్పలోంచే ఒక పింజె లాగి, లవంగం నూనెలో ముంచి గుంటలో పెట్టి, పొది చుట్టుకుని బయటికి పోయాడు.

నోరు తెరుచుకుంది. గాలి ఆడుతోంది. నాలుక అటు పోయి, మూల లేదు, తిరిగి వచ్చి, మళ్ళీ పోయి, లేదు. ఇంత విశాలంగా ఉంటుందా తన నోరు. వాకిట్లో నారాయణసామి అరుగు దిగి వస్తూ, "ఏమాయె, నోరు తెరుచుకొనెనా? రేపు పొద్దున మంచి గడియ ఉండాదని అయ్యరు చెప్పినాడు" అన్నాడు. ఆయన గొంతులో ఆత్రం ఉంది, దాన్ని దాచుకోవాలనీ ఉంది. దొరసామి వెనక నిలబడ్డాడు, చెవి మీద నూలుపోగుతో. కోదండం గడప అవతలి గోడకు వీపు ఆనించి, మట్టిలో పుల్లతో గీస్తున్నాడు. లోపలి నెత్తురు చూసి బెదిరి, చూడనట్టు గీస్తున్నాడు.

పాపమ్మాళ్ చెంబుతో నీళ్ళు పోసింది. వళ్లి దోసిట పట్టి, పుక్కిలించి, పళ్ళెంలో ఊసింది. ఎర్రగా పడింది. మళ్ళీ పోసింది. అప్పుడు వళ్లి నోరు విప్పింది. మొదట గాలి వచ్చింది, ఆ తరవాత మాట.

"ఇయ్యనక్కా."

పాపమ్మాళ్ చెంబు వంచినచోటే పట్టుకుని ఉంది. ఒక్క క్షణం నీళ్ళు దోసిట్లో కాక నేలమీద పడ్డాయి. పత్తిలో ఇంకాయి.

"వింటిని" అంది. "నాకి చెప్పి ఏం లాభం మే. అది మగవాళ్ళు వినాల. ఇంకోసారి పుక్కిలించు. నెత్తురు నోటితో చెప్పినాది, ఒళ్ళు తెలియక చెప్పినాది అంటారు. శుభ్రంగా కడుక్కొని, బయటికి వినపడేటట్టు చెప్పు."

నీళ్ళు గుంటలోకి పోయి కళ్ళు చీకట్లు కమ్మాయి. ఊసింది, తెల్లగా పడేదాకా ఊసింది. పత్తి మీద మోచెయ్యి ఆనించి లేచి నిలబడింది. గోడ పట్టుకోలేదు. దత్తు మాట మూడుసార్లు చెప్పాలని కట్టుబాటు. ఈ మాటకు ఎవరూ లెక్క పెట్టలేదు, ఇది ఎవరైనా చెబుతారని ఎవరూ అనుకోలేదు గనక.

"నా బిడ్డను ఇయ్యను" అంది వళ్లి, తెలుగులో, గడప దాటి అరుగు దాటి వినిపించేలా.

వాకిట్లో నారాయణసామి తమ్ముడి వైపు తిరిగాడు. దొరసామి నేల చూశాడు గాని, పెళ్ళాన్ని కేకలెయ్యలేదు. పాపమ్మాళ్ చెంబు కింద పెట్టి, కొంగు బొడ్లో దోపుకుని, గుమ్మంలోకి పోయి, ఆ ఇద్దరికీ వళ్లికీ మధ్య అడ్డంగా నిలబడింది.

"విన్నారు గదా. బండి కట్టించండి, సల్ల పొద్దులోనే పోదాం" అంది మొగుడితో. గొంతు మళ్ళీ పిడకల మీదికి వచ్చింది, దాదాపుగా.

మట్టిలో గీస్తున్న పుల్ల ఆగింది. వారంగా ఆ గొంతు వినలేదు వాడు. పాపమ్మాళ్ చీర పక్కనుంచి తల దూర్చి లోపలికి చూశాడు. ఒక వైపు ఉబ్బి, ఒక కన్ను మూసుకుపోయి, పెదాల మీద నెత్తురు అంటుకున్న ఆ ముఖాన్ని వాడు పోల్చుకోలేకపోయాడు. పోల్చుకోకపోయినా, గడప మీద ఒక కాలు వేసి, "ఇంగో మాట సెప్పు" అన్నాడు.